పద్నాలుగు ఉచితాలూ, ఒక వెనక గదీ

ఇళ్ళు అమ్మే ఉద్యోగంలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడూ నాకు ఫోన్ చేస్తుంటారు. "సార్, మీ రోజుల్లో ఎలా అమ్మేవాళ్ళు?" అని అడుగుతారు. మా రోజులేమిటి నా మొహం, నేను రిటైరై ఇంకా మూడేళ్ళు నిండలేదు! అయినా అడిగారు కాబట్టి చెప్తాను. అమ్మిన ఇళ్ళ గురించి చెప్తే గొప్పలు చెప్పుకున్నట్టుంటుంది. అందుకని నా నోటి దురుసుతో పోగొట్టబోయిన ఒక ఇంటి గురించి చెప్తాను. చదివి నవ్వుకోండి, ఫరవాలేదు. నేనూ నవ్వుకుంటున్నాను, కొంచెం సిగ్గుపడుతూ.

మాది గుడివాడ. మొదట సిమెంటు ఏజెన్సీలో, తర్వాత టైల్స్ షాపులో పనిచేశాను. ఆఖరి పదకొండేళ్ళూ బందరులో ఒక బిల్డరు దగ్గర సేల్స్ మేనేజర్ని. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. మా ఆవిడ పొద్దున్నే టిఫిన్ బాక్సు చేతికిస్తూ "ఆ ముక్కు తుడుచుకుని వెళ్ళండి" అనేది. తుడుచుకునే వెళ్ళేవాణ్ణి. సైటుకి చేరేసరికి మళ్ళీ అంటుకునేది.

మా ఓనరుగారిది దివిసీమ. వ్యవసాయ కుటుంబం. రైసుమిల్లు నడిపి, దాన్నుంచి ఇళ్ళు కట్టడంలోకి వచ్చారు. పెద్దగా మాట్లాడే మనిషి కాదు. ఏ స్థలం కొన్నా వాన పడుతుండగా గొడుగేసుకుని వెళ్ళి, నీళ్ళు ఎటు పారుతున్నాయో చూసి వచ్చేవారు. ప్లాను గీయించడం ఆ తర్వాతే. తుఫానుకి బందరంతా మోకాలి లోతు నీళ్ళలో ఉన్న రోజున కూడా ఆయన కట్టిన ఇళ్ళలో గుమ్మం తడవలేదు. నేను ఎంతమంది దగ్గర పనిచేసినా, అలాంటి మనిషిని ఇంకొకర్ని చూడలేదు.

బందరు నుంచి గూడూరు వెళ్ళే దారిలో మేము ముప్పై రెండు ఇళ్ళ వెంచర్ వేశాం. పోర్టు వస్తోందని మాలాగే ఇంకో పదిమంది వేశారు. రోడ్డు పొడుగునా హోర్డింగులే. మా ఇళ్ళు గట్టివే గానీ గట్టిదనం ఫోటోలో పడదు కదా! సగం పైగా అలాగే ఉండిపోయాయి. రేటు తగ్గిద్దామా అంటే, మా వృత్తిలో అది ఆఖరి అస్త్రం. ఇవాళ తగ్గిస్తే నిన్న కొన్నవాడు రేపు పొద్దున్నే వచ్చి గేటు పట్టుకు వేలాడతాడు. అదే రేటు కదపకుండా మాడ్యులర్ కిచెనూ ఫాల్స్ సీలింగూ కలిపి "ఇవన్నీ ఇంటితో పాటే" అన్నామనుకోండి, అందరికీ సంతోషమే. ఒకేసారి అన్ని ఇళ్ళకీ కొంటాం కాబట్టి మాకు చవగ్గా పడతాయి. కొనేవాళ్ళు విడిగా చేయించుకోవాలంటే తల ప్రాణం తోకకొస్తుంది.

ఈ పద్ధతిని నేను ఇప్పటికీ మెచ్చుకుంటాను. ఇల్లు కొనేసరికి మనిషి చేతిలో ఏమీ మిగలదు. ఆ తర్వాత అలమరలకీ, లైట్లకీ, దోమల తలుపులకీ ఎవరి చుట్టూ తిరుగుతాడు? పాలు పొంగించిన రోజునే వండుకుని తిని, అదే ఇంట్లో పడుకోగలిగితే అది చిన్న సుఖం కాదు. దోమల తలుపు ఉచితంగా ఇస్తామంటే బందరులో ఎంతమంది మొహాలు వెలిగిపోయాయో చెప్పలేను.

లిస్టు తయారు చేసింది నేనే. హైదరాబాదు, విజయవాడ బిల్డర్ల బ్రోచర్లు ముందేసుకుని పద్నాలుగు తేల్చాను. కిచెను, చిమ్నీ, సీలింగు లైట్లు, టేకు తలుపు, వేలిముద్ర తాళం, దోమల తలుపులు, ఇంటి వెనకున్న ఖాళీలో ప్లాస్టిక్ గడ్డి, దాని మీద ఒక ఉయ్యాల... ఇలా. పద్నాలుగోది మాత్రం నా సొంత తెలివి. బంగారు రంగు కుళాయిలు! బందరువాళ్ళకి బంగారు మెరుపంటే మోజని నాకు నేనే తీర్మానించుకున్నాను. చిలకలపూడి మా సైటుకి పెద్ద దూరం కాదు. అక్కడ వీధులకి వీధులు రోల్డ్ గోల్డ్ నగలు చేసి దేశమంతా పంపుతాయి. పూత అంటే ఏమిటో చంటిపిల్లకి కూడా తెలిసిన చోటికి పూత కుళాయిలు పట్టుకెళ్ళిన మొనగాణ్ణి నేను.

మా తాపీ మేస్త్రిది ఘంటసాల. ఆ కుళాయిలు బిగించిన రోజున వాటిని చాలాసేపు చూసి, "మేనేజరుగారూ, వీటిని చూస్తుంటే చేతులు కడుక్కోవాలనిపించట్లేదండీ. దణ్ణం పెట్టుకోవాలనిపిస్తోంది" అన్నాడు. వెటకారమని నాకు అర్థమైంది గానీ, మెచ్చుకోలుగానే తీసుకున్నాను.

మోడల్ హౌస్ తయారైంది. ఆదివారం అందరినీ పిలిచి చూపించాలని ఏర్పాటు. గుడివాడ నుంచి, అవనిగడ్డ నుంచి వ్యాన్లు కూడా మాట్లాడాను. ఆ ముందు బుధవారం మధ్యాహ్నం ఒకావిడ ఒక్కతే ఆటో దిగి వచ్చింది. నలభై అయిదేళ్ళుంటాయి. నూలు చీర, చేతిలో గుడ్డసంచీ. మెడలో పసుపుతాడు తప్ప ఒంటి మీద ఇంకో నగ లేదు.

"రండమ్మా, కూల్‌డ్రింక్ తెప్పించమంటారా?" అన్నాను.

"వద్దు బాబుగారూ. ఇల్లు చూపించండి."

చూపించాను. నా పాఠం నాకు కంఠతా వచ్చు. లైట్లు వేశాను, చిమ్నీ నొక్కాను, వేలిముద్ర తాళం తీశాను. ఆవిడ దేనికీ ఆశ్చర్యపోలేదు. నేరుగా వెనక తలుపు తీసుకుని బయటికి వెళ్ళి ప్లాస్టిక్ గడ్డి మీద ఈ కొస నుంచి ఆ కొసకి అడుగులేసింది.

"తొమ్మిదడుగులు," అంది. "ఈ ఉయ్యాలా గడ్డీ తీసేసి ఇక్కడ ఒక గది కట్టిస్తారా?"

"గదా? ఎందుకమ్మా?"

అప్పుడు చెప్పింది. "మాది చిలకలపూడండీ. మా ఆయన నగలకి పూత పెడతారు. నేను రాళ్ళు పొదుగుతాను. అద్దెకున్నది రెండు గదులు. వెనకదాంట్లో వంటా సరుకూ. ముందుగదిలో పని, దాంట్లోనే మంచం. పెళ్ళైన కాణ్ణించీ ఆయన ఆసిడ్ తొట్టె పక్కనే పడుకుంటున్నారు. ఇప్పుడు దగ్గు పట్టుకుంది. పొద్దస్తమానం దగ్గేనండీ, పడుకుంటే మరీ. డాక్టరుగారు ఎక్స్‌రే చూసి, 'ఇంకా మించిపోలేదమ్మా, పని మానక్కర్లేదు, పని చేసేచోట పడుకోవడం మానిపించు' అన్నారు. 'ఇలాగే ఇంకో రెండేళ్ళు గడిస్తే మాత్రం నా చేతిలో ఏమీ ఉండదు' అన్నారు."

"అయ్యో," అన్నాను. అన్నానే గానీ మనసు ఆదివారం వ్యాన్ల మీద ఉంది.

"మీరిచ్చే పద్నాలుగూ నాకొద్దండీ. కిచెనొద్దు, లైట్లొద్దు. ఆ గది ఒక్కటి కట్టించి పెట్టండి. ఇంట్లో నిద్ర, బయట పని. అంతే మాకు కావాల్సింది."

"అలా కుదరదమ్మా. ప్యాకేజీ అంటే ప్యాకేజీ. మీ ఒక్కరికి మారిస్తే రేపు అందరూ అడుగుతారు. కావాలంటే కొనుక్కున్నాక మీరే కట్టుకోండి."

"కొన్నాక మా దగ్గర ఏం మిగుల్తాయండీ? ఊడ్చి ఊడ్చి ఈ ఇంటికే పెడుతున్నాం."

నేను చేతులు జోడించాను. మా వృత్తిలో దణ్ణం పెట్టడమంటే ఇక వెళ్ళమని. ఆవిడకి అర్థమైంది. అయినా కోపం తెచ్చుకోలేదు. "ఆదివారం ఆయన్ని తీసుకొస్తానండీ. ఆయన్ని చూస్తే మీరే కట్టిస్తారు," అని చెప్పి వెళ్ళింది.

ఆదివారం వచ్చింది. షామియానా, మజ్జిగ, పులిహోర, మైకు. మోడల్ హౌస్‌లో కాలు పెట్టే చోటు లేదు. పన్నెండు లోపలే నాలుగు కుటుంబాలు ఇల్లు ఖాయం చేసుకున్నాయి. నేను నేల మీద లేను. ఓనరుగారు మాత్రం షామియానా కింద మూల కుర్చీలో కూర్చుని మజ్జిగ తాగుతున్నారు.

చిలకలపూడి దంపతులు మధ్యాహ్నం వచ్చారు. భర్త సన్నటి మనిషి, ఇస్త్రీ చొక్కా. హాల్లోకి అడుగుపెడుతూనే దగ్గు తెర వచ్చింది. తెల్లటి కొత్త గోడకి చెయ్యి ఆనించి, వంగి, అది తగ్గేదాకా నిలబడ్డాడు. ఆ చేతి మరక గోడకి పడుతుందేమోనని నేను కంగారుపడ్డాను. ఈ మాట రాయాలంటే ఇప్పటికీ నాకు సిగ్గేస్తుంది. కానీ మనిషి దగ్గుతుంటే నేను చూసింది గోడనే.

ఆవిడ ఈసారి స్నానాలగదిలోకి వెళ్ళింది. వెనకే గుడివాడ వ్యానులో వచ్చిన నలుగురు, వాళ్ళ వెనక నేను. కుళాయి మీద తడి బొటనవేలితో గట్టిగా రుద్దింది. వంగి, గోడలోకి వెళ్ళే చోట అంచు చూసింది. గోటితో ఓసారి మీటింది.

"ఇది ఎన్నాళ్ళు ఆగుద్దన్నారు బాబుగారూ?"

"పదేళ్ళు ఢోకా లేదమ్మా," అన్నాను, నలుగురూ వినేలాగ. డబ్బా మీద అలా ఎక్కడా రాసి లేదు. నా నోటికొచ్చిన లెక్క అది.

ఆవిడ మొగుడివైపు చూసింది. ఆయన కూడా వంగి చూసి తల అడ్డంగా ఊపాడు.

"పదేళ్ళని చెప్పకండి," అంది ఆవిడ. గొంతులో దురుసు లేదు, పక్కింటావిడకి చెప్పినట్టు చెప్పింది. "ఇది పల్చటి పూతండీ. కింద ఇత్తడి కూడా కాదు, ఏదో పోత సరుకు. మన ఉప్పుగాలికీ బోరునీళ్ళకీ ఒక్క వానాకాలం ఆగదు."

"అంటే డూప్లికేటా?" అన్నాడు గుడివాడ ఆయన.

అంతే, నా ముక్కు మీదున్నది నెత్తికెక్కింది. "రోల్డ్ గోల్డ్ చేసుకునేవాళ్ళు వచ్చి మాకు అసలేదో నకిలీయేదో చెప్తారా!" అని అరిచాను. సామాను లేని ఇల్లేమో, నా అరుపు గదులన్నిట్లోనూ తిరిగి హాల్లోకి వచ్చింది.

ఆవిడ మొహం ఎర్రబడింది. కానీ గొంతు పెంచలేదు.

"మేం చేసేది రోల్డ్ గోల్డే బాబుగారూ. రోల్డ్ గోల్డని చెప్పే అమ్ముతాం. ఆర్నెల్లు ఆగేదానికి ఆర్నెల్లంటాం, ఏడాది ఆగేదానికి ఏడాదంటాం. ఒక్క నెల ఎక్కువ చెప్పామా, షాపువాడు తెచ్చి మొహాన కొడతాడు. మాది నకిలీ పని కాదండీ."

భర్త ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపి, నాతో అన్నాడు. "ఒక పంపు ఊడదీసి, ఉప్పునీళ్ళల్లో తడిపిన గుడ్డ చుట్టి ఎండలో కట్టండి సార్. ఆరినప్పుడల్లా మళ్ళీ తడపండి. మా సరుకు మేం అలాగే చూసుకుంటాం. వారం చాలు. నా మాట తప్పయితే ఇక్కడికే వచ్చి, మైకులో..." అనబోయి దగ్గులో పడిపోయాడు. ఆ మాట పూర్తికాలేదు. ఇద్దరూ నెమ్మదిగా గేటు దాటి వెళ్ళిపోయారు.

ఆ తర్వాత ఒక్కరు కూడా ఖాయం చేసుకోలేదు. పులిహోర మిగిలిపోయింది. నేను ఆవిణ్ణి తిట్టుకుంటూనే ఉన్నాను. సాయంత్రం షామియానా విప్పుతుండగా ఓనరుగారు లేచి వచ్చారు. అంతా విన్నారని ఆయన మొహం చూస్తే తెలిసింది. మేస్త్రిని పిలిచి, "ఒక పంపు ఊడదియ్యి. గుడ్డ తడిపి చుట్టు" అన్నారు.

"ఉప్పు ఎంత కలపమంటారండీ?"

"ఉప్పెందుకు? మన బోరు నీళ్ళు చాలు."

కుళాయిని సైటు ఆఫీసు కిటికీ ఊచకి కట్టారు. మొదటి రోజు విప్పి చూస్తే ధగధగలాడుతోంది. రెండో రోజూ అంతే. నేను ఆ కిటికీ ముందు ఛాతీ విరుచుకుని తిరిగాను. మూడోరోజు మేస్త్రి గుడ్డ విప్పి, చూసి, ఏమీ అనకుండా మళ్ళీ చుట్టేశాడు. ఆ మనిషి వెటకారం చెయ్యకుండా ఊరుకున్నాడంటేనే నా గుండెల్లో రాయి పడింది. ఐదోరోజు నేనే విప్పాను. అంచుల్లో పచ్చగా, మధ్యలో తెల్లగా, అక్కడక్కడా పొక్కులు. వేలితో తాకితే పొట్టు ఊడి వేలికంటుకుంది.

దాన్ని తీసుకెళ్ళి ఓనరుగారి బల్ల మీద పెట్టాను. ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. రిటైర్మెంటు ఏడాదిన్నరలో పెట్టుకుని ఇదేం ఖర్మరా బాబూ అనుకుంటూ నిలబడ్డాను.

"పదేళ్ళని ఎంతమందికి చెప్పావయ్యా?" అన్నారు.

"అందరికీ చెప్పానండి."

"అయితే అందరికీ మళ్ళీ చెప్పిరా, కాదని. ముందు చిలకలపూడి వెళ్ళు."

"నా ఉద్యోగం..."

"తెలియక చెప్పావు. ఇప్పుడు తెలిసింది. తెలిశాక కూడా చెప్పకపోతే అప్పుడు మాట్లాడదాం నీ ఉద్యోగం సంగతి."

మర్నాడు చిలకలపూడి వెళ్ళాను. ఇల్లు పట్టుకోవడం కష్టం కాలేదు. వీధి మొదట్లో ఒకర్ని అడిగితే, "దగ్గు వినపడుతుంది చూడండి, ఆ ఇల్లే" అన్నారు. గుమ్మంలో నిలబడగానే కళ్ళు భగ్గుమన్నాయి. గొంతులో ఘాటు. గోడవారన తొట్టె, దాని పక్కన మెరుగు పెట్టే మోటారు, దాని పక్కనే నవారు మంచం. మంచానికీ తొట్టెకీ మధ్య మనిషి పక్కకి తిరిగితేనే పట్టేంత సందు. దుప్పటి మీద కూడా సన్నటి పొడి ఉంది. ఆయన తొట్టె ముందు కూర్చుని గాజుల జత ముంచి తీస్తున్నాడు. మెడకి తువ్వాలు చుట్టుకున్నాడు. దగ్గు వచ్చినప్పుడల్లా తువ్వాలుతో నోరు మూసుకుని, చేతిలో గాజులు మాత్రం కదలనివ్వకుండా పట్టుకునేవాడు.

ఆవిడ నన్ను చూసి గెలిచినట్టు మొహం పెట్టలేదు. పని తెలిసిన మనిషిలా అడిగింది. "పచ్చబడిందా, తెల్లబడిందా?"

"రెండూనమ్మా."

"ఎన్నోరోజుకి?"

"అయిదు."

"అయిదుకేనా! వారం ఆగుద్దనుకున్నాను." కుళాయి చేసినవాడి మీద జాలిపడినట్టుంది ఆ గొంతు.

"ఆ రోజు నోరు జారానమ్మా. పెద్ద మాట అన్నాను. తప్పయిపోయింది," అన్నాను. ఆయన చెయ్యి ఊపి, "ఆ రోజు పొద్దుట్నుంచీ ఎండలో తిరిగి ఉన్నారు లెండి సార్" అన్నాడు. ఆ తర్వాత ఇంకేదో అనబోయాడు. దగ్గు అననివ్వలేదు. ఆవిడ టీ ఇచ్చింది. నేను టీ తాగినంతసేపూ ఆయన ఒక్క మాట కూడా చివరిదాకా మాట్లాడలేకపోయాడు. పావుగంటకే నాకు ఛాతీ పట్టేసింది. ఆయన ఇందులో రోజూ పడుకుంటున్నాడు. ఆవిడ మొగుడి ఊపిరి కోసం నా దగ్గరికి వస్తే నేను ఉయ్యాల చూపించాను.

"గది కట్టిస్తానమ్మా," అన్నాను.

ఆవిడ గ్లాసు అందుకోబోతూ ఆగింది. "మీ ఓనరుగారు ఒప్పుకున్నారా?"

"ఒప్పుకుంటారు," అన్నాను. మళ్ళీ అబద్ధమే! ఆయన్ని నేను అడిగితే కదా. బస్సులో కూర్చున్నాక గానీ ఏం చేశానో నాకు తెలిసిరాలేదు. పదేళ్ళని చెప్పిన నోటితోనే ఇంకో మాట జారాను. ఈసారి ఆయన కాదంటే ఆ ఇంటి గుమ్మం ఎక్కే మొహం నాకు లేదు. వాళ్ళకి ఇంకో దారీ లేదు. వాళ్ళు చూసిన వెంచర్లన్నిట్లోనూ "ప్యాకేజీ అంటే ప్యాకేజీ" అన్నారట.

వెళ్ళగానే ఓనరుగారికి ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆ మంచం, ఆ సందు, ఆ తువ్వాలు, అన్నీ చెప్పాను.

"ఎవర్నడిగి మాటిచ్చావు?"

"ఎవర్నీ అడగలేదండి."

"ఒకరికి మారిస్తే అందరూ అడుగుతారని నువ్వే కదయ్యా నాకు పాఠం చెప్పింది?"

"అవునండి."

"అడగనియ్యి. ఏం అడుగుతారో విందాం," అని మేస్త్రిని కేకేశారు.

కుర్రాళ్ళూ, నా ముప్పై ఎనిమిదేళ్ళ ఉద్యోగంలో నేను నేర్చుకున్నదంతా ఆ ఒక్క మాటలో ఉంది. మేమందరం జనానికి ఏమివ్వాలా అని బ్రోచర్లు తిరగేశాం. వాళ్ళకేం కావాలో అడిగి వినాలన్న ఆలోచన ఒక రైసుమిల్లు ఆయనకి వచ్చింది.

మేస్త్రి వచ్చి విషయం విని, తలగుడ్డ తీసి బుర్ర గోక్కున్నాడు. "కట్టడం ఎంతసేపండీ! ఎక్కడ కట్టాలన్నదే ఆలోచించాలి. మధ్యాహ్నం నుంచీ గాలి సముద్రం వైపు నుంచి కొడుతుంది. పడమటి వరసలో ఆఖరి ఇల్లయితే ఆవిరంతా ఖాళీ పొలాల మీదకి పోద్ది, ఎవరి ముక్కులోకీ పోదు. గొట్టం కూడా డాబా దాటించి పైకి లేపుదాం. తొట్టె నీళ్ళు మాత్రం కాలవలో పోయకూడదండోయ్. డబ్బాల్లో పట్టి చిలకలపూడికే పంపాలి. ఆ మాట ముందే చెప్పండి." అతను నా పద్నాలుగు ఉచితాలని ఎందుకు వెక్కిరించాడో ఆ రోజు అర్థమైంది. ఇల్లు చూసినప్పుడు అతనికి గాలి కనిపిస్తుంది, నాకు లైట్లు కనిపిస్తాయి.

ఆవిడ వచ్చి చూసుకుని ఒకే ఒక్క షరతు పెట్టింది. ఇంట్లోంచి ఆ గదికి గుమ్మం ఉండకూడదు. మేస్త్రి ఆశ్చర్యపోయాడు. "వానొస్తే తడుస్తారు కదమ్మా?"

"తడవనీండి. లోపల్నుంచి గుమ్మముంటే పని పట్టుకుని ఇంట్లోకొచ్చేస్తారు, నాకు తెల్సు. బయటికెళ్ళి, చుట్టూ తిరిగి, పంపు దగ్గర చేతులూ కాళ్ళూ కడుక్కుని అప్పుడు రావాలి ఇంట్లోకి."

అలాగే కట్టాడు. గుమ్మం పొలంవైపుకి పెట్టి, దాని ముందు కడుక్కోవడానికి చిన్న గట్టు, ఇత్తడి పంపు.

ఈలోపు నేను ఖాయం చేసుకున్న కుటుంబాలన్నిటికీ వెళ్ళి కుళాయిల సంగతి చెప్పాను. ఒకాయన ఇల్లు కొనడమే మానేశాడు. నాలుగు తిట్టాడు కూడా, పడ్డాను. గుడివాడలో ఒక టీచరుగారు మాత్రం అంతా విని, "అబద్ధం చెప్పి ఇల్లమ్మేవాళ్ళని చూశాను గానీ, ఇంటికొచ్చి అది అబద్ధమని చెప్పేవాణ్ణి మిమ్మల్నే చూస్తున్నానండీ," అని నవ్వి కాఫీ ఇచ్చింది. కొత్త కుళాయిలు ఏవి కొనాలో చిలకలపూడి దంపతులే తేల్చారు. తెప్పించిన నమూనాలన్నిటినీ బల్ల మీద వరసగా పెట్టించి, ఆయన బరువు చూస్తే ఆవిడ గోటితో మీటి చప్పుడు వింది. బంగారు రంగు లేదు, మెరుపూ తక్కువే. దిట్టమైన ఇత్తడి. ఓనరుగారు వాటినే అన్ని ఇళ్ళకీ వేయించారు.

హోర్డింగు కూడా మార్చాం. పద్నాలుగూ ఉన్నాయి, పద్నాలుగూ వద్దనుకునేవాళ్ళకి వాళ్ళడిగిన పని ఒకటి ఇంటితో పాటే చేసిపెడతాం అని రాయించారు ఓనరుగారు. జనం అడిగినవి వింటే నా బ్రోచర్లన్నీ పాత పేపర్లవాడికి వెయ్యాలనిపించింది. మంగినపూడి వైపు నుంచి వచ్చిన చేపల వ్యాపారం చేసే కుటుంబం, వెనక వైపు చేపలు కోసుకుని కడుక్కునే గట్టు అడిగింది, మోకాళ్ళు నొప్పి పుట్టకుండా నిలబడి కోసుకునేంత ఎత్తులో. గూడూరు రైతొకాయన విత్తనాల బస్తాలు నెమ్ము తగలకుండా పెట్టుకునే ఎత్తు అరుగు అడిగాడు. టీచరుగారు వాళ్ళమ్మ కోసం స్నానాలగది తలుపు వెడల్పు చేయించుకుంది. ఒక్కరూ వేలిముద్ర తాళం అడగలేదు. వానలు మొదలయ్యేలోపు ఇళ్ళన్నీ అమ్ముడైపోయాయి. అందులో నా గొప్ప ఏమీ లేదు. నేను తలుపు దగ్గర నిలబడి రాసుకున్నానంతే.

చిలకలపూడి దంపతులు జ్యేష్ఠంలో పాలు పొంగించుకున్నారు. ఆ రోజున ఆయన ఇంకా దగ్గుతూనే ఉన్నాడు. హోమం పొగకేమో, వ్రతంలో రెండుసార్లు లేచి బయటికి వెళ్ళాల్సొచ్చింది. ఆవిడ మొహంలో బెంగ నేను చూశాను. గది కట్టించేశాం, ఇంకేం చెయ్యగలం? డాక్టరు చెప్పినట్టు మించిపోకుండా ఉంటే బాగుండునని దణ్ణం పెట్టుకుని వచ్చాను.

వానాకాలం వెళ్ళిపోయాక, కుళాయిలు ఎలా ఉన్నాయో ప్రతి ఇంటికీ వెళ్ళి చూసి రమ్మన్నారు ఓనరుగారు. వరసగా చూసుకుంటూ పడమటి వరస ఆఖరి ఇంటికి వెళ్ళేసరికి మధ్యాహ్నం రెండున్నర. గేటు తీస్తుండగానే ఆవిడ గుమ్మంలోకి వచ్చి, వేలు పెదాల మీద పెట్టి, చెప్పులు అక్కడే విడవమని సైగ చేసింది.

"పంపులు చూద్దామని..." అన్నాను మెల్లిగా.

"పంపులకేమండీ, రాయిలా ఉన్నాయి. ఇటు రండి," అని గుసగుసగా చెప్పి హాల్లోకి తీసుకెళ్ళి నిలబెట్టింది. పడకగది తలుపు ఓరగా తీసి ఉంది. లోపల ఆయన చెంప కింద చెయ్యి పెట్టుకుని నిద్రపోతున్నాడు.

"వినండి," అంది.

విన్నాను. ఏమిటో అర్థం కాక ఊపిరి బిగబట్టి మళ్ళీ విన్నాను. ఫ్యాను తిరుగుతోంది.

"ఏమీ వినపడట్లేదమ్మా," అన్నాను.

ఆవిడ కొంగుతో కళ్ళొత్తుకుంది. "అదేనండీ వినమంటున్నాను," అంది.